గోడ చివర నిలబడేవాడు: శాన్ డియాగో జట్టు, ఇద్దరు టైట్ ఎండ్‌లు



పోయిన నెల మన తుంగభద్ర కాలువ గురించి రాస్తే చాలామంది ఓపిగ్గా చదివి, తమకు తెలిసిన సంగతులు కూడా జోడించారు. ఈసారి చాలా దూరం పోతున్నాను. విషయం అమెరికా ఫుట్‌బాల్. అందులోనూ ఒకే ఒక జట్టు, ఆ జట్టులో ఒకే ఒక స్థానం, ఆ స్థానంలో ఆడిన ఇద్దరు మనుషులు. ఈయనకేమైంది, క్రికెట్ వదిలేసి దీని మీద పడ్డాడు అనుకోకండి. చివరిదాకా చదివితే ఇది మన బళ్ళారి వాళ్ళకు కూడా ఎందుకు పడుతుందో మీకే తెలుస్తుంది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, 2025 ఆగస్టులో ఆంటోనియో గేట్స్ అనే ఆటగాడికి ఒహాయో రాష్ట్రం క్యాంటన్‌లోని ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆ ఆటలో అంతకు మించిన గౌరవం లేదు. శాన్ డియాగోలో ఉండే మా అమ్మాయి ఆ వార్త నాకు పంపింది. 2018 చివర్లో దాని కాన్పుకని మేమిద్దరం పోయి ఆరు నెలలు అక్కడే ఉన్నాం. ఆ ఆరు నెలల్లో పక్కింటి పెద్దాయన పుణ్యమా అని నాకు ఈ ఆట అబ్బింది. ఆయన సంగతి ముందుకు పోయాక చెప్తాను.

ముందు ఆట. మైదానం 100 గజాలు, ఒక్కో వైపు 11 మంది. బంతి ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు జరిగితే మళ్ళీ నాలుగు దొరుకుతాయి. జరగలేకపోతే బంతి అవతలివాళ్ళది. ఆఖరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. రెండు నిలువు కమ్మీల మధ్య నుంచి బంతిని తన్ని పంపితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. కబడ్డీ చూసి పెరిగినవాళ్ళకు ఇది తొందరగానే తలకెక్కుతుంది. కూత ఒక్కటే లేదు. గీత ఉంది, దాటాలనుకునేవాడు ఉన్నాడు, పట్టి పడేసేవాళ్ళు ఉన్నారు.

దాడి చేసే జట్టులో మధ్యన అయిదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. ముందుకు విసిరిన బంతిని పట్టే హక్కు మామూలుగా వాళ్ళకు ఉండదు. అవతలివాళ్ళను నెట్టి ఆపడమే పని. వాళ్ళ వెనక బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్. రెండు పక్కలా దూరంగా సన్నటి, చురుకైన రిసీవర్లు. వాళ్ళు పరుగెత్తాలి, బంతి పట్టాలి. ఇక గోడకు ఆనుకొని, దాని చివర నిలబడేవాడే టైట్ ఎండ్. ఇతను గోడలో రాయి కావాలి, మరుక్షణం గోడ విడిచి పరుగెత్తి బంతి కూడా పట్టాలి. గోడవాళ్ళ కంటే తేలిక, రిసీవర్ల కంటే బరువు. ఇద్దరి పనీ చెయ్యాలి, ఇద్దరిలోనూ పూర్తిగా కలవడు.

క్రికెట్ భాషలో చెప్పాలంటే వికెట్ కీపర్ లాంటివాడు. మన కిర్మానీ కాలంలో కీపర్ అంటే ముందు కీపింగే చూసేవాళ్ళు, పరుగులు చేస్తే అది లాభం. తర్వాత గిల్‌క్రిస్ట్, ధోనీ వచ్చి ఆ లెక్కే మార్చేశారు. 2003 ప్రపంచ కప్పులో మన ద్రావిడ్ గ్లవ్స్ తొడుక్కున్నాడంటే జట్టులో ఇంకో బ్యాట్స్‌మన్‌కు చోటు దొరకాలనే కదా. టైట్ ఎండ్ కథ కూడా దాదాపు అలాగే నడిచింది. ఆ మార్పులో పెద్ద భాగం శాన్ డియాగోలో జరిగింది.

ఇంకో సంగతి మనసులో పెట్టుకోండి. టైట్ ఎండ్ పట్టిన ప్రతి బంతికీ లెక్క ఉంది. ఎన్ని పట్టాడు, ఎన్ని గజాలు, ఎన్ని టచ్‌డౌన్‌లు, అన్నీ పుస్తకానికి ఎక్కుతాయి. అతను అడ్డం నిలబడి ఆపిన మనిషికి మాత్రం అధికారిక లెక్కల్లో గడి లేదు. సగం పని పుస్తకంలో ఉంటుంది, సగం పని చూసినవాళ్ళ జ్ఞాపకంలో ఉంటుంది.

ఇక జట్టు. పేరు చార్జర్స్. 1960లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. అక్కడ జనం పెద్దగా రాలేదు. 1961లో దక్షిణంగా రెండు గంటల దూరంలో ఉన్న శాన్ డియాగోకు మారింది. జాక్ మర్ఫీ అనే స్థానిక పత్రికా రచయిత ఆ జట్టును తమ ఊరికి తెచ్చుకోవాలని పట్టుబట్టి రాశాడు. తర్వాత 1967లో స్టేడియం కట్టారు. 1981 నుంచి దానికి ఆయన పేరే ఉండేది. తొంభైల చివర్లో ఆ ఊరి చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ పేరు వచ్చింది. మన పిల్లలు చాలామంది ఆ ఊళ్ళో తేలింది ఆ కంపెనీ వల్లనే. మొదటి సంవత్సరాల టైట్ ఎండ్ డేవ్ కొకోరెక్. జట్టుతో పాటు లాస్ ఏంజెలెస్ నుంచి శాన్ డియాగోకు వచ్చినవాడు. 1961లో వెయ్యి గజాలు దాటాడు. ఆ రోజుల్లో ఆ స్థానంలో అది చిన్న మాట కాదు.

అసలు కథ 1978లో మొదలవుతుంది. ఆ సంవత్సరం రెండు జరిగాయి. బంతి పట్టబోయేవాణ్ణి 5 గజాల తర్వాత చేత్తో అడ్డుకోకూడదని లీగ్ నియమం మార్చింది. దాంతో విసిరే ఆట తేలికైంది. అదే సంవత్సరం సీజన్ మధ్యలో డాన్ కోరియెల్ చార్జర్స్‌కు కోచ్‌గా వచ్చాడు. ఆయన ఆ ఊరికి కొత్త కాదు, శాన్ డియాగో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి కోచ్‌గా పనిచేసినవాడే. మిగతా జట్లు బంతిని చేత్తో పట్టుకొని గోడ సందుల్లోంచి తోసుకుంటూ పోతుంటే, ఈయన బంతిని గాల్లోకి విసిరే ఆటను నమ్మాడు. క్వార్టర్‌బ్యాక్ డాన్ ఫౌట్స్. ఆ ఆట తీరుకు జనం ఎయిర్ కోరియెల్ అని పేరు పెట్టారు. 1979లో ఆయన చేతికి కెలెన్ విన్స్లో వచ్చాడు.

విన్స్లో పెరిగింది ఇల్లినాయి రాష్ట్రంలోని ఈస్ట్ సెయింట్ లూయిస్ అనే పేద పట్నంలో. హైస్కూల్లో చదరంగం క్లబ్బు కుర్రాడు. ఆఖరి సంవత్సరం వచ్చేదాకా బడి తరఫున ఫుట్‌బాల్ ఆడలేదు. ఆ ఒక్క సంవత్సరం ఆటతో మిస్సోరీ విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి 1979 డ్రాఫ్ట్‌లో 13వ వాడిగా చార్జర్స్‌కు చేరాడు. డ్రాఫ్ట్ అంటే కాలేజీ కుర్రాళ్ళను జట్లు వరుసగా ఎంచుకునే పద్ధతి. ఎత్తు ఆరడుగుల అయిదంగుళాలు. మొదటి సీజన్ మధ్యలోనే కాలు విరిగింది.

కోలుకొని వచ్చాక కోరియెల్ అతణ్ణి గోడ చివర కట్టేసి ఉంచలేదు. ఒకసారి గోడ పక్కన, ఒకసారి రిసీవర్ల లోపలి వైపు, ఒకసారి ఆట మొదలయ్యే ముందే అటు నుంచి ఇటు నడిపించి. ఎదుటి జట్టుకు పెద్ద చిక్కొచ్చిపడింది. బలమైనవాణ్ణి కాపలా పెడితే విన్స్లో వేగానికి అందలేడు, వేగమైనవాణ్ణి పెడితే విన్స్లో బరువుకు ఆగలేడు. 1980లో అతను 89 బంతులు పట్టి లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. రిసీవర్లందరినీ కలుపుకొని చెప్తున్న మాట ఇది. 1,290 గజాలు సాధించాడు. టైట్ ఎండ్‌కు ఆ గజాల రికార్డు 2011 దాకా, అంటే 31 ఏళ్ళు నిలిచింది. 1981లోనూ 88 బంతులతో లీగ్‌లో మొదటివాడే. ఆ సంవత్సరం నవంబరులో ఓక్లాండ్ మీద ఒక్క ఆటలో 5 టచ్‌డౌన్‌లు.

విన్స్లోను మాత్రం అంకెలతో కాదు, 1982 జనవరి 2 నాటి ఒక్క ఆటతో గుర్తు పెట్టుకుంటారు. మయామీలో, డాల్ఫిన్స్ జట్టు సొంత మైదానంలో, ప్లేఆఫ్ పోటీ. ఓడినవాళ్ళు ఇంటికి పోవాల్సిందే. జనవరిలో కూడా ఆ ఊళ్ళో మన చెన్నై లాంటి ఉక్క. మొదటి పావు భాగంలోనే చార్జర్స్ 24-0తో ముందుకు పోయారు. అయిపోయింది అనుకునేలోపు డాల్ఫిన్స్ లేచారు. మొదటి సగం ఆఖరి క్షణంలో బంతి పట్టినవాడు వెంటనే పక్కవాడికి అందించే ఒక పాచికతో 24-17కు తెచ్చారు. తర్వాత సమం చేశారు. తర్వాత 38-31తో ముందుకూ పోయారు. ఒక్క నిమిషం కూడా మిగలని వేళ చార్జర్స్ 38-38 చేశారు.

ఆ ఆటలో విన్స్లో 13 బంతులు పట్టాడు, 166 గజాలు, ఒక టచ్‌డౌన్. భుజంలో నరం నొక్కుకుపోయింది. పెదవి చిట్లి కుట్లు పడ్డాయి. ఒంట్లో నీరు తగ్గి కండరాలు పట్టేశాయి. పలుమార్లు మోసుకెళ్ళినట్టుగా బయటికి తీసుకుపోయారు. ప్రతిసారీ తిరిగొచ్చాడు. స్కోరు సమంగా ఉంది, ఆట ముగియడానికి కొద్ది సెకన్లే ఉంది, డాల్ఫిన్స్ ఫీల్డ్ గోల్ కొడితే గెలుస్తారు. దాన్ని అడ్డుకునే వరుసలో నిలబడడం విన్స్లో రోజువారీ పని కాదు. పొడుగు మనిషి కదా అని నిలబెట్టారు. తన్నిన బంతికి ఎగిరి వేళ్ళు తగిలించాడు. బంతి దారి తప్పింది. ఆట అదనపు సమయానికి పోయింది.

అదనపు సమయంలో అటు ఒక కిక్కు పోయింది, ఇటు ఒక కిక్కు పోయింది. చివరికి చార్జర్స్ కిక్కర్ రాల్ఫ్ బెనిర్ష్కే 29 గజాల నుంచి కొట్టాడు. 41-38. విన్స్లో నడవలేని స్థితి. ఇద్దరు సహచరులు చెరో చంక కింద చేతులు వేసి మైదానం నుంచి నడిపించుకుపోయారు. అమెరికాలో ఆ ఫొటో చూడని ఫుట్‌బాల్ అభిమాని ఉండడు.

ఆ ఫొటోలో మధ్యలోని మనిషి పేరు అందరికీ తెలుసు. పక్కనున్న ఇద్దరిలో ఒకడు ఎరిక్ సీవర్స్. అతను కూడా ఆ జట్టు టైట్ ఎండే. విన్స్లో బంతి కోసం పరుగెత్తేవేళల్లో గోడ చివర నిలబడే కష్టం చాలావరకు అలాంటివాళ్ళదే. ఎనిమిదేళ్ళు ఆ జట్టుకు ఆడాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు, ఉండడు. కానీ ఆ రోజు విన్స్లో బరువు మోసింది అతని భుజమే. పక్కింటి పెద్దాయన నాకు ఆ ఫొటో చూపించి మొదట వేలు పెట్టింది సీవర్స్ మీద.

ఎనిమిది రోజుల తర్వాత సిన్సినాటిలో తర్వాతి ఆట. సున్నాకు కింద 23 డిగ్రీల సెల్సియస్ చలి, పైగా గాలి. మయామీ ఉక్కలో ఎండిపోయిన జట్టు ఆ చలిలో గడ్డకట్టింది. 27-7తో ఓడింది. అంతకు ముందు సంవత్సరం కూడా సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు కిందే ఆగిపోయారు. 1984లో విన్స్లో మోకాలు దెబ్బతింది. తిరిగొచ్చాడు గాని మునుపటి మనిషి కాలేకపోయాడు. 1987 తర్వాత ఆట మానేశాడు. మొత్తం 541 బంతులు, 6,741 గజాలు, 45 టచ్‌డౌన్‌లు. తర్వాత శాన్ డియాగోలోనే న్యాయశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నాడు. 1995లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన రోజు, ఆట ఆడేవాళ్ళలో ఇంతమంది నల్లవాళ్ళు ఉంటే జట్లను నడిపే గదుల్లో ఎందుకు లేరని వేదిక మీదే అడిగాడు. ఆ సంవత్సరం జనవరిలోనే చార్జర్స్ తమ చరిత్రలో ఒకే ఒక్కసారి సూపర్ బౌల్ ఆడి 49-26తో ఓడిపోయారు. ఇంతవరకు ఆ కప్పు గెలవలేదు.

ఇప్పుడు రెండోవాడు. ఆంటోనియో గేట్స్ డెట్రాయిట్ కుర్రాడు, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ రెండూ ఆడేవాడు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కోసం చేర్చుకుంది. కోచ్ ఒక్క ఫుట్‌బాల్ మీదే ఉండమన్నాడు. గేట్స్‌కు బాస్కెట్‌బాల్ కావాలి. అక్కడి నుంచి వచ్చేశాడు. రెండు మూడు కాలేజీలు మారి చివరికి కెంట్ స్టేట్‌లో తేలాడు. 2002లో ఆ చిన్న విశ్వవిద్యాలయం జాతీయ బాస్కెట్‌బాల్ పోటీల్లో ఆఖరి ఎనిమిది జట్ల దాకా పోయింది, అందులో గేట్స్ ముఖ్యుడు. కానీ వృత్తి బాస్కెట్‌బాల్‌లో అతను ఆడే స్థానానికి ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు చాలదన్నారు. కాలేజీలో ఒక్క ఫుట్‌బాల్ ఆట కూడా ఆడని మనిషి 2003లో ఫుట్‌బాల్ జట్ల ముందు నిలబడ్డాడు. డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. ఆ తర్వాత చార్జర్స్ ఒప్పందం చేసుకున్నారు.

బాస్కెట్‌బాల్ అతనికి ఏం ఇచ్చిందో పక్కింటాయన నాకు వంటింట్లో నిలబడి చూపించాడు. బుట్ట కింద ఆడేవాడు ఎదుటివాణ్ణి వీపుతో అడ్డం పెట్టి, బంతి తనవైపే దిగేలా చోటు చేసుకుంటాడు. గేట్స్ అదే పని మైదానంలో చేశాడు. డిఫెన్స్ ఆటగాడు అతని వెనకే అంటుకొని ఉంటాడు, అయినా బంతి అందదు. మధ్యలో గేట్స్ వీపు ఉంది. మా ఊరి సంతలో బస్సెక్కేటప్పుడు మా జేజి మోచేతులు పెట్టినట్టు అనిపించింది నాకు. ఆ మాట ఆయనకు ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాలేదు.

రెండో సీజన్ 2004లో 81 బంతులు పట్టి, 13 టచ్‌డౌన్‌లు చేశాడు. ఒక సీజన్‌లో టైట్ ఎండ్‌కు అప్పటికి అదే రికార్డు. 2006 నుంచి ఫిలిప్ రివర్స్ క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. వాళ్ళిద్దరి మధ్య మొత్తం 89 టచ్‌డౌన్‌లు. కళ్ళతోనే మాట్లాడుకునేవాళ్ళని చూసినవాళ్ళు చెప్తారు. గేట్స్ ఏకధాటిగా 16 సీజన్లు ఒక్క జట్టుకే ఆడాడు. 955 బంతులు, 11,841 గజాలు, 116 టచ్‌డౌన్‌లు. ఈ ఆఖరి అంకెను ఇంతవరకు ఏ టైట్ ఎండూ దాటలేదు.

కప్పు విషయంలో మాత్రం విన్స్లో దారే. 2005 జనవరిలో ప్లేఆఫ్ ఆట ముగియడానికి 11 సెకన్ల ముందు బంతి పట్టి స్కోరు సమం చేశాడు, అదనపు సమయంలో జట్టు ఓడింది. 2008 జనవరిలో కాలి వేలు కీలు తప్పినా మరి రెండు ఆటలు ఆడాడు. రెండోది సూపర్ బౌల్‌కు ముందు మెట్టు, అక్కడ ఓడిపోయారు. 2015లో నిషేధిత పదార్థం విషయంలో 4 ఆటల సస్పెన్షన్ కూడా పడింది. అభిమానంతో రాస్తున్నా అది దాచను. అదీ పుస్తకంలో ఉంది.

ఇక ఊరి సంగతి. జట్టు యజమానులకు కొత్త స్టేడియం కావాలి. 2016 నవంబరులో శాన్ డియాగోలో ఓటింగ్ పెట్టారు. హోటళ్ళ మీద పన్ను పెంచి ఆ డబ్బుతో కట్టాలా వద్దా అని. మూడింట రెండు వంతులు కావాలి, సగం కూడా రాలేదు. ఊరివాళ్ళు అభిమానం లేక కాదు, ప్రభుత్వ డబ్బుతో కోటీశ్వరులకు స్టేడియం ఎందుకని. నాకైతే ఆ మాటలో తప్పు కనబడదు.

ఆ సీజన్ ఆఖరి ఆట 2017 జనవరి 1న శాన్ డియాగోలో, కాన్సస్ సిటీ చీఫ్స్ మీద. జట్టు వెళ్ళిపోతుందని అందరికీ అనుమానం, ఎవరూ పైకి చెప్పలేదు. అప్పటికి టైట్ ఎండ్ టచ్‌డౌన్‌ల రికార్డు టోనీ గొంజాలెజ్‌ది, 111. ఆయన ఎక్కువ కాలం ఆడింది ఆ చీఫ్స్‌కే. ఆ రోజు గేట్స్ 111వది పట్టి సమం చేశాడు. ఇంకొక్కటి పడితే సొంత ఊళ్ళో, సొంత జనం ముందు రికార్డు దాటినట్టు. రివర్స్ అతనికే విసరడానికి చూశాడు. పడలేదు. జట్టు ఓడింది. జనవరి 12న యాజమాన్యం ప్రకటించింది, లాస్ ఏంజెలెస్‌కు పోతున్నామని. ఆ రోజు అభిమానులు జట్టు ఆఫీసు ముందుకు వచ్చి తమ చొక్కాలు, టోపీలు కుప్ప పోశారు.

112వది 2017 సెప్టెంబర్ 17న వచ్చింది. లాస్ ఏంజెలెస్ పక్కన కార్సన్‌లో, సుమారు 27 వేల సీట్ల సాకర్ మైదానంలో, కొత్త ఊళ్ళో జట్టు ఆడిన మొదటి సొంత ఆటలో. విసిరింది రివర్సే. ఎదుటి జట్టు, చూడండి, మళ్ళీ మయామీ డాల్ఫిన్సే. ఆ ఆట కూడా ఓడిపోయారు.

ఇక్కడ పక్కింటి పెద్దాయన గురించి చెప్పాలి. నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనిషి. మయామీ ఆటను టీవీలో చూసినప్పుడు ఆయనకు ముప్పై దాటలేదట. విన్స్లో 80 నంబరు చొక్కా, గేట్స్ 85 నంబరు చొక్కా రెండూ ఉన్నాయి. కుప్పలో వెయ్యలేదు, తొడుక్కోనూ లేదు. బీరువాలో మడిచి పెట్టాడు. ఆదివారం ఆట వేళకు తోటలో నిమ్మచెట్లకు నీళ్ళు పట్టేవాడు. ఆ జట్టును చూడనని ఒట్టు. సోమవారం పొద్దున మాత్రం గేట్స్ ఎన్ని బంతులు పట్టాడో నాకు చెప్పేవాడు.

ఒకరోజు ట్రాలీ రైలెక్కించి పాత స్టేడియం చూపించడానికి తీసుకుపోయాడు. అప్పటికి కూల్చలేదు. వారం మధ్యలో కాబట్టి మనిషి లేడు, చుట్టూ బండ్లు నిలిపే సిమెంటు మైదానం. ఆ సీజన్‌తో గేట్స్ ఆట ముగిసింది. నాకు చాన్నాళ్ళుగా అడగాలని ఉన్న మాట అక్కడ అడిగాను. గేట్స్ రికార్డు ఎవరిది, మీ ఊరిదా, వాళ్ళదా అని. ఆయన ఆలోచించి చెప్పాడు: 111 మా ఊరివి, తక్కిన 5 అతనివి. లాస్ ఏంజెలెస్ పేరే ఎత్తలేదు.

నేను ఆ జవాబును ఇన్నేళ్ళుగా మోసుకు తిరుగుతున్నాను. ఎందుకో మీకు తెలుసు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మన బళ్ళారి మైసూరులో కలిసింది. మా నాయన అదే ఇంట్లో పడుకొని అదే ఇంట్లో లేచాడు, రాష్ట్రం మారింది. శాన్ డియాగోలో జనం ఉన్నచోటనే ఉన్నారు, జట్టు కదిలిపోయింది. మనమూ ఉన్నచోటనే ఉన్నాం, గీత కదిలింది. ఆ రోజు నుంచి మనల్ని చూసినవాడల్లా అడిగేది ఒకటే, మీరు ఎవరివాళ్ళు అని. తెలుగు ఊరికి పోతే నీ మాటలో కన్నడం ఉందంటారు, బెంగళూరుకు పోతే ఇంట్లో తెలుగా అంటారు.

బళ్ళారి రాఘవ గారిని చూడండి. పగలు కోర్టులో వకీలు, సాయంత్రం రంగస్థలం మీద నటుడు. తెలుగులోనూ ఆడారు, కన్నడంలోనూ ఆడారు. 1946లో పోయారు, గీత గియ్యకముందే. ఆయన ఎవరివాడని ఆయన బతికుండగా ఎవరికీ అడగాలని తోచి ఉండదు. ఇప్పుడు రెండువైపులా మావాడంటారు. రెండూ నిజమే. రెండు పనులు చేసినవాణ్ణి సగం సగం కోసి పంచలేం.

టైట్ ఎండ్ కథ నాకు నచ్చింది అందుకే. అతనిది సగం సగం పని కాదు, రెండూ పూర్తిగా చెయ్యాల్సిన పని. కోరియెల్ చేసింది కూడా పెద్ద మాయేమీ కాదు. ఈ మనిషి ఇటువాడా అటువాడా అని తేల్చుకోవడం మానేసి, ఇతని చేత ఏం అవుతుందో చూశాడు. గేట్స్‌నైతే ఒక ఆట పొట్టివాడంది, ఇంకో ఆట ఎంచుకోలేదు. ఆ రెండు ఆటలు కలిసిన చోటే అతని గొప్పతనం ఉంది. మన పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, ఉద్యోగంలో మూడోది నేర్చుకొని తడబడుతుంటే, ఏదీ సరిగా రాదని మనమే తిడతాం. ఇకనైనా ఆ మాట అనకండి. వాళ్ళు నేర్చుకుంటున్నది కష్టమైన స్థానం.

ఇంకొక్క మాట సంఘం గురించి. ఉగాది నాడు వేదికెక్కినవాళ్ళ పేర్లు కరపత్రంలో వేస్తాం. పొద్దున నాలుగింటికి పచ్చడికి వేపపూత తెచ్చేవాళ్ళు, కుర్చీలు వేసేవాళ్ళు, రాత్రి గిన్నెలు లెక్కపెట్టి తాళం వేసేవాళ్ళు, వీళ్ళు గడి లేని లెక్కలో ఉండిపోతారు. వచ్చే ఉగాదికి వాళ్ళ పేర్లు కూడా అచ్చు వేద్దామని కార్యవర్గం ముందు పెడుతున్నాను. మీ మీ పేటల్లోని సీవర్స్‌లు ఎవరో కింద రాయండి. తమ పేరు కాదు, పక్కవాడి పేరు.

పక్కింటాయన ఇప్పుడు ఎలా ఉన్నాడని మా అమ్మాయిని అడిగాను. నిమ్మచెట్లు బాగా కాశాయట. పాత స్టేడియం కూల్చేశారు, ఆ స్థలంలోనే 2022లో విశ్వవిద్యాలయం జట్టు కోసం కొత్తది చిన్నది వచ్చింది. హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు గేట్స్ పేరు కింద జట్టు పేరు రాసేటప్పుడు శాన్ డియాగో అని రాసి, పక్కన ఒక వాలు గీత గీసి, లాస్ ఏంజెలెస్ అని రాశారు. ఆ సంగతి ఆయనకు చెప్పమన్నాను. చెప్పిందట. మొదట ఏ ఊరు రాశారని అడిగాడట. శాన్ డియాగో అని చెప్తే, సరే అన్నాడట.